ఉడకబెట్టిన గొంగళి

“మీ నాయన్ను ఉడకబెట్టింది రా! కాగులో ఏసి, సోడా పోసి, కట్టెతో కుళ్లబొడిచి ఉడకబెట్టింది రా నీ పెండ్లాం!”

ఆదెమ్మ వాకిట్లో కూలబడి గుండెలు బాదుకుంటోంది. ఆమె గొంతు గురించి కొత్తగా చెప్పేదేముంది? అడవి అంచున మేసే మందను ఇంటి ముందు నిలబడి వెనక్కి పిలిచే గొంతు అది. ఆ అరుపులకు గొర్రెలు బెదిరి దొడ్డి కంచెకు ఒత్తుకున్నాయి. పొరుగింటి ఇందిరమ్మ గోడ మీంచి తలెత్తి, ఒక్క చూపు చూసి, మళ్లీ దించేసుకుంది.

కాగు ఇంకా పొయ్యి మీదే ఉంది. గొంగళికి ఎప్పుడో పట్టించిన చింతగింజల గంజి కరిగి నీళ్లు నల్లగా, చిక్కగా తిరిగాయి. గొంగళి పక్కన నేల మీద పడి ఉంది. నిన్నటిదాకా ఆరడుగుల మనిషిని నెత్తి నుంచి పాదాల దాకా కప్పిన గొంగళి. ఇప్పుడు అట్టలా బిగుసుకుపోయి, సగానికి సగం ముడుచుకుపోయింది.

ప్రకాష్ ఎడమచేత్తో పెళ్లాం జుట్టు పట్టుకున్నాడు. కుడిచెయ్యి లేవదు. చంకలో సెగ్గడ్డ. దానికి ముందు మెడ మీద, దానికి ముందు భుజం మీద. ఒకటి మానిందనుకునే లోపల ఇంకొకటి. ఆ సలుపు కూడా కలిపి కాలితో తన్నాడు. శివపార్వతి వెళ్లి పొయ్యి రాళ్ల మీద పడింది. మోచేతి మీద చర్మం లేచిపోయింది.

“ఎవురు ముట్టుకోమన్నారే దాన్ని?”

“డాక్టరు చెప్పినాడు.”

“మా నాయన గొంగళి ఉడకబెట్టమని చెప్పినాడా?”

“ఒంటికి తగిలే బట్టలన్నీ సలసల కాగే నీళ్లలో వెయ్యమన్నాడు. దుప్పట్లు, తువ్వాళ్లు, అన్నీ. ఒకరి గడ్డ ఇంకొకరికి అంటేది వాటితోనే అంట. గొంగళి బట్ట కాదా?”

“బట్టా!” ఆదెమ్మ లేచి నిలబడింది. “విన్నావా రా, బట్టంట! మీ నాయన బట్టంట!”

ప్రకాష్ మళ్లీ తన్నాడు.

ఆ ఇంట్లో అది బట్ట కాదు. మంద తోలే మగవాడి గొంగళిని అతను పోతే చితి మీద వెయ్యరు, నీళ్లలో ముంచరు. తర్వాత మంద తోలేవాడి భుజాన వేస్తారు. ఉతికితే పెద్దల అండ పోతుందని, మందకు దిక్కుండదని భయం. యల్లయ్య వాళ్ల నాయన కప్పుకున్నది అదే, యల్లయ్య కప్పుకున్నదీ అదే. పోయిన ఏడు వీపున సెగ్గడ్డ ముదిరి రాచపుండై యల్లయ్య ప్రాణం విడిచింది కూడా దాని మీదే. మరకలు ఎండకు ఆరినాక, బాగా దులిపి, ప్రకాష్ భుజాన వేశారు.

గడ్డలు మొదలైంది ఆ తర్వాతే. ఒళ్లు సెగ చేసిందన్నారు. సబ్జా గింజలు నానబెట్టి తాగించారు, మజ్జిగ పోశారు, పసుపు పూశారు. గొంగళి వంక మాత్రం ఎవరూ చూడలేదు. ఎందుకు చూస్తారు?

పగలు అది ప్రకాష్‌ది. చీకటిపడితే ఆదెమ్మది. ఈ సంగతి ఆదెమ్మ ఎవరికీ చెప్పుకోదు గానీ, మొగుడు పోయినాక దాన్ని కిందేసుకుంటే గానీ ఆమెకు నిద్ర పట్టేది కాదు. బీడీ వాసన, గొర్రె నూగు వాసన, యల్లయ్య చెమట వాసన, అన్నీ అందులో ఉండేవి. మనవరాలు పావనిని పక్కలో పండుకోబెట్టుకుని అందులోనే చుట్టుకునేది. ఇప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే సోడా వాసన తప్ప ఏమీ లేదు. ఆదెమ్మకు మొగుడు ఇవాళ రెండోసారి చచ్చిపోయినట్టుంది.

“కొట్టు రా,” అంది. “చెయ్యి లేకుంటే కాలుంది గదా. కొట్టు.”

శివపార్వతి పొయ్యి రాయి పట్టుకుని లేచింది. పెదవి చిట్లింది. కళ్లలో నీళ్లు లేవు.

“కొట్టండి. ఎంత కొడతారో కొట్టండి. కొట్టినాక పాపను మార్కాపురం ఆస్పత్రికి తీసకపోనియ్యండి. కన్ను వాచింది.”

వసారాలో నులక మంచం మీద పావని పడుకుని ఉంది. నిండా మూడేళ్లు లేని పిల్ల. ముక్కు పక్కన గడ్డ నిన్న కందిగింజంత ఉండేది. ఇవాళ బుగ్గంతా ఎర్రగా ఉబ్బి, పై రెప్పను కిందికి నొక్కేసింది. ఒళ్లు కాలిపోతోంది. ఇంత గోలలో కూడా లేచి కూర్చోలేదు, ఏడవలేదు. ఆదెమ్మకు ఎక్కడో కలుక్కుమంది గానీ, కోపం ముందు అది నిలబడలేదు.

“నిన్న చెప్పకుండా పోతివి గదా,” అన్నాడు ప్రకాష్. “మందిచ్చినారు గదా. ఇంకేంది?”

“కన్ను వాస్తే గడియ కూడా ఆగకుండా రమ్మన్నాడు. సూదులెయ్యాలంట. ఆస్పత్రిలో పెట్టుకోవాలంట.”

“ఏం అక్కరలేదు. మామకు ఫోన్ చేసినా. వస్తున్నాడు. ఆయనే కోస్తాడు.”

అంతసేపు తన్నులకు చలించని శివపార్వతి మొహం ఆ మాటతో పాలిపోయింది.

“మా నాయనకా? ఎందుకు చేసినావు? ఆయనకెందుకు చేసినావు?”

బండి చప్పుడు వాకిట్లోకి వచ్చేసింది.

అంకయ్య శివపార్వతికి తండ్రి. ఆదెమ్మకు తోడబుట్టిన తమ్ముడు. మేనరికం కావాలని, పుట్టినప్పుడే కోడలని చెప్పి, పట్టుబట్టి ఆ పిల్లను తెచ్చుకుంది ఆదెమ్మే. అందుకే ఈ ఇంట్లో ఎవరిని తిట్టినా కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్డట్టే. చుట్టుపక్కల ఏ మందలో గొర్రెకు గడ్డ లేచినా, గిట్ట కుళ్లినా అంకయ్య కత్తి రావాల్సిందే. హస్తవాసి మంచిదని మనుషులు కూడా పోతారు. పుల్లలచెరువు దాటిన పల్లెలకు ఆస్పత్రి దూరం, అంకయ్య దగ్గర.

బండి దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా గొంగళి దగ్గరికి పోయాడు. వంగి ఎత్తాడు. అది మడత పడలేదు. అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా కింద పెట్టాడు. తర్వాత కూతురి దగ్గరికి వచ్చి చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకు శివపార్వతి గుంజకు కొట్టుకుంది.

“అక్క ఇంటికిచ్చినా గదే నిన్ను. పరాయి ఇల్లయితే ఇంత బాధ ఉండేది కాదు. బావ గొంగళిని కాగులో ఏస్తివా? నీ చేతులు పడిపోకుండా ఉండెనా?”

“నాయనా, నన్నేమన్నా చెయ్యి. పాపను ముట్టొద్దు.”

“ముట్టకుంటే ఎట్ల మానుతాది?”

అంకయ్య మంచం దగ్గర వంగి, బొటనవేలితో పిల్ల గడ్డం పైకెత్తాడు. పావని మూలిగింది.

“పండింది అల్లుడా. మొన కట్టింది. ఇప్పుడు కోసి పిండితే పొద్దు గూకే లోపల కన్ను విప్పుతాది. దీనికి మార్కాపురమెందుకు, సూదులెందుకు?”

“ముక్కు కాడ గడ్డ కోయగూడదంట నాయనా. పిండగూడదంట. ఆ చెడు నెత్తిలోకి ఎక్కుతాదంట. పానం పోతాదంట.”

“ఎవురు చెప్పినారు? నిన్న మొన్న చదువుకున్న పిలగాడా? నువ్వు పుట్టకముందు నుంచి కోస్తున్నా నేను.”

“నువ్వు కోసేది గొర్లను!”

“గొర్రెకు నోరు లేదు గాబట్టి ఓర్చుకుంటాది. నీకు నోరుంది, అదే వచ్చిన తంటా.” అంకయ్య నడుము దగ్గర తోలు ఒరలోంచి కత్తి తీశాడు. పంచె అంచుకు అటొకసారి ఇటొకసారి తుడిచాడు. “అక్కా, రా. పాప తల ఒళ్లో పెట్టుకో. గట్టిగా పట్టుకో.”

ఆదెమ్మ పోయింది. ఎందుకు పోదు? తమ్ముడు చెప్పాడు, తమ్ముడి చెయ్యి ఆమెకు తెలుసు. మంచం మీద కూర్చుని పిల్ల తల ఒళ్లోకి తీసుకుంది. ఆ తల కుంపటిలా ఉంది.

శివపార్వతి దూకింది. ప్రకాష్ ఎడమచేత్తో ఆమె మెడ పట్టి గుంజకేసి అదిమాడు. ఆమె తన్నింది, గీరింది, కొరికింది. అతను వదల్లేదు. చివరికి మోచేతిని వెనక్కి లాగి, ఉన్న బలమంతా పెట్టి అతని కుడి చంకలో పొడిచింది.

గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదీ. చంకలో గడ్డ చిట్లింది. ప్రకాష్ అరిచిన అరుపుకి కంచె మీది కాకులు లేచిపోయాయి. చొక్కా పక్కన చీమూ నెత్తురూ కలిసి కారాయి. కళ్లు బైర్లు కమ్మి, ఒక్క క్షణం ఊగి, పిడికిలి బిగించి పెళ్లాం మొహం మీద గుద్దాడు. ముక్కులోంచి నెత్తురు చిమ్మింది. మళ్లీ మెడ పట్టుకున్నాడు.

“చంపుతా నిన్ను. ఇయ్యాల చంపుతా.”

“చంపు.” నెత్తురు నోట్లోకి పోతుంటే ఉమ్మి, అతన్ని దాటి తండ్రినే చూసింది శివపార్వతి. “నాయనా! మామను కోసింది కూడా ఆ కత్తే గదా?”

మంచం మీద వంగిన అంకయ్య నడుము ఎత్తాడు.

యల్లయ్య రాచపుండును అంకయ్య కోసిన సంగతి ఊరికంతా తెలుసు. యల్లయ్య చచ్చిపోయిన సంగతీ తెలుసు. ఆ రెండు మాటల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి పలికినవాళ్లు మాత్రం ఇప్పటిదాకా లేరు. దేవుడు తీసుకుపోయాడనేవాళ్లు. నూకలు చెల్లాయనేవాళ్లు. ఆదెమ్మ కూడా అదే అనేది. అనుకోవడం కూడా అట్లనే అనుకునేది.

ప్రకాష్ పట్టు సడలలేదు గానీ, మొహం మారింది.

“ఏమన్నావు?”

“నువ్వు మందతో అడవిలో ఉంటివి. నువ్వు చూడలేదు. నేను చూసినా. ఆ పొద్దు మన దొడ్లో గొర్రెకు గడ్డ కోసి, ఇట్లనే పంచెకు తుడిచి, అదే కత్తితో మామ వీపు కోసినాడు. నీళ్లు అందించింది నేనే. తెల్లారేసరికి జరం. ఆస్పత్రికి పోదామంటి. మానుతాది, ఆగమన్నాడు. ఆగితిమి.”

“అబద్ధం,” అన్నాడు అంకయ్య. అంటూ ఎవరి మొహమూ చూడలేదు.

“ఏది అబద్ధం నాయనా? గొర్రె అబద్ధమా, జరం అబద్ధమా?”

“బావకు షుగరు. పుండు ముదిరిపోయింది. నేను కోసినా పోయేవాడే, కోయకున్నా పోయేవాడే.”

ప్రకాష్ మెల్లగా తిరిగాడు. “మామా. గొర్రెను కోసిన కత్తేనా?”

అంకయ్య కత్తిని మళ్లీ పంచెకు తుడిచాడు.

“నిన్నే అడుగుతుండా. అదేనా?”

“కత్తి కత్తే రా. దానికి గొర్రేంది, మనిషేంది?”

ఆ మాట అన్నాక అంకయ్యకే ఎట్లనో అయింది. ముసలితనం దగ్గరపడ్డ మనిషి, ఊళ్లు తిరిగి సంపాదించుకున్న పేరు, ఆ పేరును సొంత కూతురే వాకిట్లో పడేసి తొక్కుతోంది.  

“నా హస్తవాసి మీద అనుమానమా మీకు? నాకు మనవరాలు కాదా ఇది? నేను పగోడినా?” కత్తి పట్టుకుని మంచం వైపు తిరిగాడు. “చూడండి. మీ కండ్లతోనే చూడండి. కోసి చూపిస్తా. పట్టుకో అక్కా!”

“అత్తా, వద్దు!” శివపార్వతి గొంతు చిరిగిపోయింది. “అత్తా, నీ వీపు మీద గడ్డ యాడిది? దాన్ని నువ్వు చూసుకోలేవు, నేను చూసినా, నీళ్లు పోసేటప్పుడు చూసినా. పాపకు యాడిది? మీ ఇద్దరినీ చుట్టింది ఏంది?”

ఆదెమ్మ ఒక చెయ్యి వెనక్కి పెట్టి వీపు తడుముకుంది.   వీపున, భుజాల మధ్య, కొన్నాళ్లుగా సలుపుతున్న చోటు ఇప్పుడు గుండెతో పాటు కొట్టుకుంటోంది.

ఒళ్లో పావని కదిలింది. వాచని కన్ను సగం తెరిచింది.

“జేజీ,” అంది. “చలేస్తాంది. తాత గొంగళి కప్పు.”

ఎవరు కప్పారు రోజూ? నేనే గదా, అనుకుంది ఆదెమ్మ. చలికని, ముద్దుకని, తాత అండ ఉంటదని నా చేతుల్తో నేనే చుట్టినా గదా. 

అంకయ్య మోకాలు మంచానికి ఆనించాడు. ఎడమచేత్తో పిల్ల నుదురు నొక్కాడు. కత్తి కిందికి దిగింది.

ఆదెమ్మ అరచెయ్యి పిల్ల మొహం మీద కప్పింది.

కత్తి ఆమె చేతి మీద దిగింది. వేళ్ల ఎముకల మధ్య కసుక్కున దిగి ఆగింది. అంకయ్య బిత్తరపోయి వెనక్కి లాగాడు. లాగేటప్పుడు ఇంకా తెగింది. నెత్తురు ఆదెమ్మ మణికట్టు మీదుగా, పిల్ల చెంప మీదుగా, నులక లోకి కారింది. పావని అప్పుడు ఏడ్చింది. పొద్దున్నుంచి ఏడవని పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

“అక్కా! చెయ్యెందుకు పెట్టినావే! పిచ్చి పట్టిందా?”

“కొయ్యి,” అంది ఆదెమ్మ. “ఎంత కోస్తావో నన్ను కొయ్యి. ఆ పొద్దు ఆయన భుజాలు పట్టుకోమంటివి, పట్టుకుంటి. కదలకుండా పట్టుకుంటి. ఆయన నా మొహం చూస్తానే ఉండె. ఈ పాపను పట్టుకోను. దీన్ని పట్టుకోను రా అంకయ్యా!”

ప్రకాష్ పెళ్లాం మెడ వదిలేశాడు.

వదిలినవాడు వదిలినట్టే మేనమామ మీద పడ్డాడు. తల వంచి పొట్టలో గుద్దాడు. ఇద్దరూ వసారా మెట్టు మీంచి వాకిట్లో పడ్డారు. “మా నాయన్ను చంపినావు! గొర్రెను కోసినట్టు కోసినావు!” ఒకే చేత్తో కొడుతున్నాడు, తలతో కొడుతున్నాడు, పళ్లతో భుజం కొరుకుతున్నాడు. అంకయ్య అరుస్తున్నాడు, “వదలరా, కత్తుంది రా, వదలరా!” కత్తి నిజంగానే అతని చేతిలోనే ఉంది. పడెయ్యడానికి ప్రకాష్ సందు ఇవ్వడం లేదు. దొర్లుకుంటూ పోయి పొయ్యికి తగిలారు. కాగు ఒరిగింది. వేడి వేడి నల్లనీళ్లు ఎవరి కాళ్ల మీద పడ్డాయో, ఆవిరిలో ఇద్దరూ కనిపించలేదు.

శివపార్వతి గుంజ పట్టుకుని లేచింది. ముక్కులోంచి నెత్తురు ఇంకా కారుతోంది. వాకిట్లోకి చూడకుండా నేరుగా మంచం దగ్గరికి వచ్చి పిల్లను ఎత్తుకుంది. వాకిట్లో కొట్టుకుంటున్న ఒకడు ఆమెకు మొగుడు, ఒకడు తండ్రి.

“నేను పోతాండా అత్తా,” అంది. రమ్మనలేదు, ఉండమనలేదు.

ఆదెమ్మ చీర కొంగు చేతికి చుట్టుకుంది. కొంగు చూస్తుండగానే తడిసింది. వాకిట్లో ఒకడు ఆమెకు కొడుకు, ఒకడు తమ్ముడు. ఆమె అడ్డం పడితే ఆగుతారేమో. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో ఏ తగువైనా ఆమె అడ్డం పడితేనే ఆగింది. ఒక అడుగు వాకిట్లోకి వేసింది కూడా. కోడలి భుజం మీద పావని తల వాలిపోయి ఉంది. ఏడుపు ఆగిపోయింది. రెండో కన్ను కూడా ఉబ్బుతోంది.

“రోడ్డు మీద ఆటో ఆపినా!” ఇందిరమ్మ గోడ అవతలి నుంచి కేక వేసింది. “రాండి! తొందరగా రాండి!”

ఆదెమ్మ వెనక్కి తిరిగింది. కోడలి వెనకే నడిచింది. తర్వాత పరిగెత్తింది.

ఆటోలో కూర్చున్నాక శివపార్వతి పిల్ల ముక్కు దగ్గర చెవి పెట్టి ఊపిరి విన్నది. ఆదెమ్మ తెగని చేత్తో పిల్ల పాదాలు పట్టుకుంది. పైన అంత జ్వరం, పాదాలు మాత్రం చల్లగా ఉన్నాయి.

“బతుకుతాదా?” అని అడిగింది.

“నాకేం తెలుసు అత్తా. నాకేం తెలుసు.”

బండి కదిలింది. వీధి మలుపు ఇంకా తిరగలేదు. ఇంటి వైపు నుంచి అరుపు వచ్చింది. ఒక్కటే అరుపు. పొడుగ్గా లేచి, మధ్యలో తెగిపోయింది. ఆ వెంటనే గొర్రెలన్నీ ఒక్కసారి అరిచాయి.

డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. “పెద్దమ్మా, మీ ఇంట్లో నుంచే. ఆపాల్నా?”

శివపార్వతి అత్త మోచెయ్యి పట్టుకుంది. వేళ్లు లోపలికి దిగేలా పట్టుకుంది.

“ఎవురిది అత్తా? మా నాయనదా? ఆయనదా?”

మేనమామ గొంతే మేనల్లుడికి వచ్చిందని, చీకట్లో పిలిస్తే ఎవరో పోల్చుకోలేమని, ప్రకాష్‌కు మీసాలొచ్చిన నాటి నుంచి అందరితో చెప్పుకుని మురిసిపోయిన మనిషి ఆదెమ్మ.

“పోనియ్యి నాయనా,” అంది డ్రైవరుతో. “ఆపొద్దు.”